ఎర్రగా ఉన్నచోటే తప్పుందనుకోకండి

ఎఫ్.ఈ.ఎ. (ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్, అంటే ముక్కని ఎలిమెంట్లనే చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి కంప్యూటర్లో దాని బలం లెక్క కట్టడం; ఆ గళ్ళ వలే మెష్) రిపోర్టు ఎవరు పంపినా నేను ముందు అడిగేది ఒకటే: "మెష్ మార్చి ఇంకోసారి రన్ చేశారా?" చాలామంది చెయ్యరు. స్ట్రెస్ (లోపల పడే ఒత్తిడి) ఎక్కువున్నచోట ఎరుపు, తక్కువున్నచోట నీలం వేసిన రంగుల బొమ్మ వచ్చింది, పక్కన పట్టీలో గరిష్ఠ స్ట్రెస్ ఎంతో వచ్చింది, అది యీల్డ్ (లోహం మళ్ళీ వెనక్కి రాకుండా సాగిపోయే హద్దు) కంటే తక్కువుంది, పని అయిపోయింది. ఆ అంకెలో ప్లేటు వాటా ఎంత, మెష్ వాటా ఎంత అని ఎవరూ ఆలోచించరు. పాయింటు తర్వాత మూడంకెలు కనబడుతుంటే నమ్మకుండా ఉండటం కూడా కష్టమే లెండి.

నేను రాజాంలో ఇంట్లో కూర్చునే ఈ పని చేస్తాను. (మాది మొన్నమొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా. 2022లో విజయనగరంలో కలిపారు. ఇంట్లో సగం కాగితాల మీద ఇంకా పాత జిల్లా పేరే ఉంది.) ఎక్కువగా పుణె, చెన్నై వాళ్ళ పనులు వస్తాయి. కానీ ఈ పోస్టు రాయడానికి కారణం వాళ్ళు కాదు. చీపురుపల్లి రోడ్డులో ట్రాక్టర్ ట్రక్కులు కట్టే ఒక షెడ్డు ఉంది. షెడ్డాయన అమ్మకి తమ్ముడి వరస, నాకు మావయ్య. చెరకు సీజన్ వచ్చిందంటే ఆయన కట్టిన ట్రక్కుల్లో కొన్ని ఒకే చోట పగిలి తిరిగొస్తాయి. ట్రాక్టర్‌కి తగిలించే డ్రాబార్ వచ్చి ట్రక్కు ఛాసిస్‌కి కలిసేచోట రెండు పక్కలా 12 ఎం.ఎం. ప్లేటులో గ్యాస్ కటింగ్‌తో కోసిన ఎల్ ఆకారపు ముక్కలు ఉంటాయి. ఆ ఎల్ లోపలి మూలలో సన్నగా పగులు మొదలై ఏటవాలుగా పాకుతుంది. వెల్డింగ్ పెట్టి పంపిస్తారు, వచ్చే సీజన్‌కి మళ్ళీ అక్కడే.

"ఏటమ్మా, నీ కంప్యూటర్లో ఓపాలి పెట్టి సూడు. ఆ మూలకి ఎంతొస్తాదో సెప్పు సాలు," అన్నాడు మావయ్య.

ఎంతొస్తుందో చెప్పడమే ఇక్కడ చిక్కు. లోడు ప్లేటు తలంలోనే ఉంది కాబట్టి రెండు కొలతల్లో, ప్లేన్ స్ట్రెస్ (మందం దిశలో స్ట్రెస్ లేదనుకునే) మోడల్ సరిపోతుంది. ట్రక్కు మీద 6 టన్నులు అనుకుని లోడు వేశాను. 8 ఎం.ఎం. త్రికోణాలతో మూల దగ్గర 118 మెగాపాస్కల్ వచ్చింది. 4 ఎం.ఎం.కి తగ్గిస్తే 162. 2 ఎం.ఎం.కి 222. 1 ఎం.ఎం.కి 304. ప్లేటు ఉక్కుకి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 2062లో ఈ 250 గ్రేడు, అంటే యీల్డ్ 250. మొదటి మూడు మెష్‌ల లెక్కన ప్లేటు సేఫ్, నాలుగోదాని లెక్కన ఫెయిల్. ప్లేటు అదే, లోడు అదే. మొదటి మెష్ దగ్గర ఆగిపోయి రిపోర్టు పంపేవాళ్ళకి ఈ సంగతి ఎప్పటికీ తెలీదు.

పై అంకెల్ని ఒకదాంతో ఒకటి భాగించి చూడండి. ప్రతిసారీ సుమారు 1.37 రెట్లు. ఇది కాకతాళీయం కాదు. నిట్టనిలువు గోడల లోపలి మూల, అంటే చుట్టూ 270 డిగ్రీలు లోహమూ 90 డిగ్రీలు ఖాళీ ఉన్న మూల దగ్గర ఎలాస్టిక్ (సాగి మళ్ళీ వెనక్కి వచ్చే) పదార్థం ఎలా ప్రవర్తిస్తుందో ఎం.ఎల్. విలియమ్స్ 1952లోనే సమీకరణం రాసి పెట్టాడు. మూలకి దగ్గరయ్యేకొద్దీ స్ట్రెస్ దూరపు 0.456 ఘాతానికి విలోమంగా పెరుగుతుంది. దూరం సగమైతే స్ట్రెస్ 1.37 రెట్లు. మెష్ సైజు సగం చేసిన ప్రతిసారీ మన ఎలిమెంటు మూలకి అంత దగ్గరగా జరిగి, అక్కడున్నది చదివి చెబుతోంది. ఇలా ఎంత దూరం పోయినా ఒక అంకె దగ్గర ఆగదు, ఎందుకంటే ఖచ్చితమైన జవాబే అక్కడ అనంతం. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. పదునైన మూల గీసి, అక్కడ స్ట్రెస్ ఎంత అని అడిగింది మనమే.

సరే, మూల స్ట్రెస్ వదిలేద్దాం, డ్రాబార్ చివర ఎంత వంగిందో చూద్దాం, అది అనంతం కాదు కదా అనుకోవచ్చు. 8 ఎం.ఎం. మెష్‌కి 0.310 ఎం.ఎం. వంగింది, 4కి 0.334, 2కి 0.3453. పెరుగుతూ పోతోంది, అది సహజమే. డిస్‌ప్లేస్‌మెంట్ పద్ధతిలో మోడల్ అసలు ప్లేటు కంటే బిగువుగా ఉంటుంది, మెష్ సన్నబడేకొద్దీ సడలుతుంది. మొదటి తేడా 0.024, రెండోది 0.0113. చూసేవాళ్ళకి కన్వర్జ్ అవుతున్నట్టే, అంటే ఒక అంకె దగ్గర నిలబడబోతున్నట్టే ఉంది. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇలాంటి గ్రాఫు ఒకటి పెట్టి, వంపు తిరిగిందని బాణం గుర్తు వేసి, కన్వర్జెన్స్ సాధించామని రాసేస్తారు. నేను చూసేది ఆ రెండు తేడాల నిష్పత్తి. ఇక్కడ 2.12. మామూలు మూడు నోడ్ల (లెక్క కట్టే బిందువుల) త్రికోణాలతో, మూలలూ పదునులూ లేని ముక్కలో, లోడు వేసిన చోట వంపు లెక్కలో తప్పు మెష్ సగం చేసినప్పుడల్లా నాలుగో వంతుకి పడాలి. నాలుగు రావాల్సినచోట రెండు చిల్లర వచ్చిందంటే ఎక్కడో ఒక మూల లెక్క మొత్తాన్ని వెనక్కి లాగుతోందన్నమాట. మూలకి దూరంగా, డ్రాబార్ చివర హిచ్ దగ్గర కొలిచిన వంపులో కూడా దాని ప్రభావం ఉంది. దీన్ని పొల్యూషన్ ఎర్రర్ అంటారు. మూల దగ్గరి అంకె నాకక్కర్లేదు కాబట్టి అక్కడ మెష్ ఎలా ఉన్నా పర్లేదు అనే వాదన ఇక్కడితో చెల్లిపోయింది.

అంచుల మధ్యలోనూ నోడ్లుండే ఆరు నోడ్ల క్వాడ్రాటిక్ త్రికోణాలు వాడితే బాగుపడుతుందా? అన్నిచోట్లా ఒకే సైజు మెష్ అయితే బాగుపడదు. సాఫీ ముక్కలో పదహారో వంతుకి పడాల్సింది, ఈ ఎల్ ముక్కలో మళ్ళీ రెండు చిల్లర దగ్గరే ఉంటుంది. ఎలిమెంటు ఎంత మంచిదైనా వేగం నిర్ణయించేది మూలే.

ఇలా రెండు మూడు మెష్‌ల తేడాల నుంచి అసలు జవాబుని ఊహించే పద్ధతి ఫైనైట్ ఎలిమెంట్ల కంటే పాతది. లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1911లో ఒక రాతి ఆనకట్టలో స్ట్రెస్‌లు కట్టడానికి ఫైనైట్ డిఫరెన్స్ పద్ధతి వాడినప్పుడే ఈ కిటుకు చెప్పాడు. అప్పట్లో కంప్యూటర్ లేదు కదా, లెక్కలు చెయ్యడానికి కుర్రాళ్ళని పెట్టుకున్నాడు. ఒక్కో బిందువుకి ఇంతని కూలి, తప్పు చేసిన లెక్కకి కూలి కోత. కూలీ ఇచ్చి లెక్క చేయించేవాడికి తెలుస్తుంది గీతలు ఎక్కడ ఎక్కువ గియ్యాలో, ఎక్కడ దండగో. మన ముక్కకి ఆ పద్ధతి వేస్తే: ఆఖరి తేడా 0.0113ని, నిష్పత్తి 2.12లోంచి ఒకటి తీసేసిన 1.12తో భాగించి, ఆఖరి జవాబుకి కలపాలి. 0.355 దాకా వస్తుంది. అంటే 2 ఎం.ఎం. మెష్ జవాబులో ఇంకా దాదాపు మూడు శాతం తప్పు ఉంది. ఇది తెలియడానికి కావలసింది మూడు రన్‌లూ ఒక కాలిక్యులేటరూ.

అయితే రిచర్డ్‌సన్ పద్ధతి తప్పు ఎంత అనే చెబుతుంది. ఎక్కడ ఉందో చెప్పదు. మెష్ ఎక్కడ సన్నం చెయ్యాలో తెలియాలంటే ఒక్కో ఎలిమెంటుకీ తప్పు కట్టాలి, అదీ అసలు జవాబు తెలియకుండా. లెక్క అయ్యాక, వచ్చిన జవాబు నుంచే దాని తప్పుని అంచనా వేసే ఈ విద్యకి గట్టి పునాది వేసింది 1978లో బాబుష్కా, రైన్‌బోల్ట్ రాసిన పేపర్లు. ఫ్యాక్టరీ ఇంజనీర్ల చేతికి అందేలా చేసింది మాత్రం బ్రిటన్‌లోని స్వాన్సీలో జీన్‌కీవిచ్, జు. 1987లో వాళ్ళు రాసిన పద్ధతి ఎంత తేలికంటే, మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపించింది.

సీతంపేట వైపు కొండల మీద మెట్ల మడులు చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. మూడు నోడ్ల త్రికోణంలో స్ట్రెస్ అంతటా ఒకటే. అంటే ఒక్కో ఎలిమెంటు ఒక్కో చదును మడి, నీళ్ళు నిలిచేలా సమంగా. అసలు స్ట్రెస్ మాత్రం కొండవాలు, మెట్లు లేకుండా సాఫీగా పోయేది. పక్కపక్క మడుల మధ్య గట్టు ఎంత ఎత్తుంటే, మన మెట్ల లెక్కకీ అసలు వాలుకీ అంత తేడా. జీన్‌కీవిచ్, జు చేసింది ఏమిటంటే, ఒక నోడ్ చుట్టూ ఉన్న మడుల ఎత్తులు కలిపి సగటు తీసి, నోడ్ నుంచి నోడ్‌కి సాఫీగా వాలు గీశారు. ఆ వాలులోంచి మెట్టుని తీసేస్తే మిగిలిందే ఆ ఎలిమెంటులో తప్పు. 1992లో వాళ్ళే ఈ సగటుని ఇంకా మెరుగుపరిచారు. ఎలిమెంటు లోపల కొన్ని బిందువుల దగ్గర స్ట్రెస్ మిగతా చోట్ల కంటే బాగా ఖచ్చితంగా వస్తుంది. అక్కడి విలువలకి ఒక సాఫీ తలాన్ని అతికించి, ఆ తలం నుంచి నోడ్ విలువ తీసుకుంటారు. అంతకుముందే 1983లో కెల్లీ, ఇంకొందరు గట్టు ఎత్తుని సూటిగా కొలిచే పద్ధతి ఇచ్చారు. డీల్ టూ అనే ఎఫ్.ఈ.ఎ. ప్రోగ్రామింగ్ లైబ్రరీతో నేర్చుకున్నవాళ్ళు మొదట వాడేది అదే.

ఇప్పుడు శీర్షికలో అన్న మాట. అనుభవం లేనివాళ్ళు మెష్ సన్నం చెయ్యమంటే నేరుగా ఎర్రగా ఉన్నచోటికి పోతారు. కొండ మీద ఎత్తయిన చోటు బల్లపరుపుగా ఉంటే అక్కడ ఎకరం మడి ఒక్కటే వేసుకోవచ్చు, గట్లు అక్కర్లేదు. స్ట్రెస్ ఎక్కువుండటం వేరు, స్ట్రెస్ తొందరగా మారడం వేరు. మావయ్య ప్లేటులో డ్రాబార్‌కి అతికే పొడుగు కాలు ఉంది, దాని మధ్యభాగం బొమ్మలో నారింజ రంగులో మెరిసిపోతుంది, కానీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దాదాపు ఒకే స్ట్రెస్. అక్కడ నాలుగు పెద్ద ఎలిమెంట్లు చాలు. ఎస్టిమేటర్ (పైన చెప్పిన, తప్పు అంచనా వేసే లెక్క) బొమ్మలో ఆ భాగం నీలంగా, అంటే తప్పు తక్కువగా వస్తుంది.

దీనికి అందరికీ తెలిసిన పరీక్ష కన్నం ఉన్న ప్లేటు. కిర్ష్ 1898లో దీనికి సూత్రం రాశాడు. వెడల్పాటి ప్లేటుని లాగితే, లాగే దిశకి అడ్డంగా కన్నం అంచున స్ట్రెస్ మూడు రెట్లు. అది ఎవరైనా చెబుతారు. కానీ లాగే దిశలోనే ఉన్న అంచున అది మైనస్ ఒకటి, అంటే నొక్కుడు. ఆ మైనస్ ఒకటి నుంచి ప్లస్ మూడు దాకా పావు చుట్టులో ఎక్కాలి. అంచు వెంబడి అన్నిటికంటే నిటారుగా ఎక్కేది సరిగ్గా 45 డిగ్రీల దగ్గర. అక్కడ స్ట్రెస్ ఎంతో తెలుసా? కన్నానికి దూరంగా ప్లేటుకి వేసినంతే, ఒక రెట్టు. రంగుల బొమ్మలో దాన్ని ఎవరూ చూడరు. ఎస్టిమేటర్ చూస్తుంది. మూడు రెట్లున్న ఎర్రచోట కూడా తప్పు ఉంది, నిజమే. అది ఎర్రగా ఉన్నందుకు కాదు, అక్కడి నుంచి ప్లేటు లోపలికి పోయేకొద్దీ స్ట్రెస్ నిట్టనిలువుగా పడిపోతుంది కాబట్టి.

ఎక్కడ తప్పుందో తెలిశాక మిగతాది యంత్రం పని. లెక్క చెయ్యి, తప్పు అంచనా వెయ్యి, గుర్తు పెట్టు, చీల్చు, మళ్ళీ మొదటికి. గుర్తు పెట్టడంలో నాకు నచ్చినది డోర్ఫ్లర్ 1996లో చెప్పిన పద్ధతి. ఎలిమెంట్లని తప్పు ప్రకారం పెద్దదాని నుంచి వరుసగా పెట్టుకుని, తప్పుల వర్గాల మొత్తంలో సగమో, మనం పెట్టుకున్న వాటా ఎంతో అంత నిండేదాకా పైనుంచి తీసుకుంటూ పోవాలి. కొన్నిసార్లు గుప్పెడు ఎలిమెంట్లే మొత్తం తప్పులో సగం మోస్తుంటాయి. ఎల్ మూల దగ్గర సరిగ్గా అంతే.

చీల్చడం చెప్పినంత తేలిక కాదు. ఒక త్రికోణాన్ని రెండు చేస్తే దాని అంచు మధ్యలో కొత్త నోడ్ పుడుతుంది. పక్క త్రికోణానికి ఆ నోడ్ సంగతి తెలియదు. అలాగే వదిలేస్తే లోడు పడ్డప్పుడు కొత్త నోడ్ ఒకవైపు, పక్కవాడి అంచు ఇంకోవైపు పోయి, ప్లేటులో లేని పగులు మెష్‌లో మనమే పుట్టించినట్టవుతుంది. అందుకని పక్కదాన్ని కూడా చీల్చాలి, దాని పక్కదాన్నీ. ఈ గొలుసు ఎక్కడో ఆగుతుందని గ్యారంటీ ఉండాలి, త్రికోణాలు సన్నగా సూదుల్లా మారకూడదు. ఎప్పుడూ పొడుగు అంచు దగ్గరే చీల్చమని రివారా 1984లో చెప్పిన పద్ధతి ఈ రెండింటినీ సాధిస్తుంది. చతుర్భుజాలు వాడేవాళ్ళు వేలాడే నోడ్‌ని ఉండనిచ్చి, అది అంచు మధ్యలోనే కదలాలని షరతు పెడతారు. నేను ప్రతిసారీ చీల్చకుండా, ఎస్టిమేటర్ ఇచ్చిన సైజుల్ని మెష్ వేసే ప్రోగ్రాం జీమెష్‌కి ఇచ్చి మొత్తం మెష్ కొత్తగా వేయించుకుంటాను. కాస్త మొరటు పద్ధతే, రెండు కొలతల్లో క్షణాల పని. స్ట్రెస్ లెక్క కట్టే ప్రోగ్రాం కాల్క్యులిక్స్‌లో తప్పు అంచనాని అవుట్‌పుట్‌లో అడిగితే ఇస్తుంది, ఈ రెండు ప్రోగ్రాంలూ ఉచితమే. లైసెన్సు లేదని మెష్ చూసుకోనివాళ్ళకి ఆ సాకు కూడా లేదు.

ఇలా చేస్తే మూల దగ్గర ఎలిమెంట్లు ఒకదాని లోపల ఒకటి చిన్నవవుతూ పోతాయి, కాలు మధ్యలో పెద్దవి అలాగే ఉంటాయి. 1 ఎం.ఎం. మెష్ మొత్తం ప్లేటంతా పరిస్తే పట్టే ఎలిమెంట్లలో చిన్న వాటాతోనే వంపు 0.355కి చేరింది. అంతకంటే ముఖ్యం, తప్పు తగ్గే వేగం మళ్ళీ సాఫీ ముక్కలో ఉండాల్సిన వేగానికి వచ్చింది. మూల పెట్టిన జరిమానా రద్దయింది. రెండు కొలతల్లో అంతటా మెష్ సగం చేస్తే ఎలిమెంట్లు నాలుగింతలు, మూడు కొలతల్లో ఎనిమిదింతలు. ఇంట్లో లాప్‌టాప్ మీద పనిచేసేవాళ్ళకి ఆ ఎనిమిది ఎంత టెన్షనో తెలుసు. సైజు మార్చకుండా ఎలిమెంటు డిగ్రీ పెంచే పద్ధతి ఒకటి, రెండూ కలిపి చేసే పద్ధతి ఒకటి ఉన్నాయి. కలిపి చేసేది చాలా గొప్పగా కన్వర్జ్ అవుతుంది. నా పనుల్లో దాని అవసరం రాలేదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నా.

ఎస్టిమేటర్‌ని గుడ్డిగా నమ్మమని కూడా నేను చెప్పను. జీన్‌కీవిచ్–జు అంచనా హామీ పత్రం కాదు. అసలు తప్పు దానికంటే ఎక్కువ ఉండొచ్చు. మరీ ముతక మెష్‌తో మొదలుపెడితే రెండు మడుల మధ్య గొయ్యి ఉన్నా దానికి కనబడదు. అంతా సాఫీగానే ఉందని చెబుతుంది.

మెష్ తప్పుకి ఎంత ఖరీదు పడుతుందో చూడాలంటే నార్వే చూడాలి. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర గాండ్స్‌ఫ్యోర్డ్‌లో స్లైప్నర్ ఎ అనే చమురు వేదిక తాలూకు కాంక్రీటు దిమ్మని పరీక్ష కోసం నీళ్ళలో దించుతున్నారు. మూడు గోడలు కలిసే చోట ఒక గోడ పగిలింది, దిమ్మ మొత్తం మునిగి అడుగున ముక్కలైంది. ఎవరి ప్రాణమూ పోలేదు. నష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, ఆ మూడు గోడల కూడలిలో ఎలిమెంట్లు ముతకగా, వంకరగా ఉన్నాయి, షియర్ స్ట్రెస్ 47 శాతం తక్కువ వచ్చింది. దాంతో గోడ పల్చబడింది, అక్కడి కడ్డీల అమరిక కూడా సరిపోలేదు. తర్వాత మెష్ సరిగ్గా వేసి లెక్క చేస్తే, 62 మీటర్ల లోతులో పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. పద్ధతిలో లోపం లేదు, సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. పద్ధతి మూడు మీటర్ల తేడాతో చెప్పగలిగింది, సరిగ్గా అడిగితే.

మళ్ళీ షెడ్డుకి. మూల స్ట్రెస్ మెష్‌తో తేలదని మావయ్యకి చెప్పాను. అనంతం అనలేదు, "మూల అంత పదునుగా ఉంటే ఎంతైనా రావచ్చు మావయ్యా, గుండ్రంగా ఉంటే చెప్పగలను" అన్నాను. అక్కడ కటింగ్ చేసే కుర్రాడు అడిగాడు: "ముందుగాల మూలకి డ్రిల్లేసేసి, దాని కాడికి కోసుకొస్తే గుండ్రంగా వచ్చేదు కదా?" అదే కావలసింది. 16 ఎం.ఎం. డ్రిల్ అంటే 8 ఎం.ఎం. వ్యాసార్థం. మోడల్‌లో మూల తీసేసి ఆ గుండ్రం పెట్టి, క్వాడ్రాటిక్ త్రికోణాలతో మూడు మెష్‌లు వేస్తే 171, 183, 186 వచ్చాయి. తేడాలు 12, 3. నిష్పత్తి నాలుగు. ఇంకో ఒకటి కలిపితే 187. ఇదీ అంకె అంటే. ఇంతకుముందు 118 నుంచి 304 దాకా ఏదైనా కావొచ్చన్న చోట ఇప్పుడు ఒక్క మెగాపాస్కల్ అటూ ఇటూ.

గుండ్రం పెట్టలేని చోట్లు ఉంటాయి, వెల్డ్ పాదం (వెల్డ్ అంచు ప్లేటుని కలిసేచోటు) దగ్గర ముఖ్యంగా. ఈ ప్లేటు రెండో చివర ఛాసిస్‌కి వెల్డ్ అయ్యేచోట కూడా ఎస్టిమేటర్ ఎర్రగా మండిపోయింది. అక్కడ అనంతం వెంట పరిగెత్తకుండా వెల్డింగ్ వాళ్ళు పెట్టుకున్న ఒప్పందం ఒకటి ఉంది. వెల్డ్ పాదం నుంచి ప్లేటు మందంలో 0.4 వంతు దూరంలో ఒకచోట, పూర్తి మందమంత దూరంలో ఇంకోచోట స్ట్రెస్ చదివి, ఆ రెండింటి నుంచి గీత గీసి పాదం దగ్గర విలువ తీసుకోవాలి. మన 12 ఎం.ఎం. ప్లేటుకి ఆ దూరాలు 4.8, 12 ఎం.ఎం. మొదటి దాన్ని 1.67తో, రెండోదాన్ని 0.67తో గుణించి తీసేస్తే హాట్ స్పాట్ స్ట్రెస్ వస్తుంది, దాన్ని ఫెటీగ్ (మళ్ళీ మళ్ళీ పడే లోడుకి పగలడం) పట్టికతో పోల్చాలి. మూల విలువ వాడకుండా, మెష్ నమ్మదగిన దూరంలో చదవడమన్నమాట. ఇది తెలియక వెల్డ్ అంచున వచ్చిన పిచ్చి అంకెకి భయపడి ప్లేటు మందం పెంచుకుంటూ పోయినవాళ్ళని చూశాను, అదే అంకెని చూడనట్టు బొమ్మ రంగుల పరిధి మార్చేసినవాళ్ళనీ చూశాను.

ఇంత చేశాక మెష్ తప్పు ఒక శాతం లోపు ఉంది. మరి లోడు? 6 టన్నులనేది మావయ్య నోటి మాట. ఎస్టిమేటర్‌కి లోడు గురించి ఏమీ తెలియదు, మనమిచ్చిన సమీకరణాన్ని ఎంత బాగా సాధించామన్నదే దాని లెక్క, సమీకరణం సరైనదా కాదా అన్నది దాని పని కాదు. అందుకే సంకిలి ఫ్యాక్టరీకి చెరకు తోలిన ట్రక్కుల కాటా చీటీలు ఉంటే ఫొటోలు తీసి పంపమన్నాను. వాట్సాప్‌లో వచ్చాయి, కొన్ని నలిగి, కొన్ని తడిసి. చదవగలిగినవాటిలో చాలా వాటికి నికర బరువు 8 టన్నుల దగ్గరుంది.

"ఆరని సెప్పావు కదా మావయ్యా?"

"ఆరుకే కట్టినాం. ఆల్లు ఎనిమిదేసుకుంటే నానేటి సెయ్యను?"

లెక్క మళ్ళీ రన్ చెయ్యక్కర్లేదు. లీనియర్ మోడల్, లోడు ఎంత రెట్లయితే స్ట్రెస్ అంత రెట్లు, మెష్ కదపనవసరం లేదు. 187ని 8తో గుణించి 6తో భాగిస్తే 249. యీల్డ్ 250. అదీ ట్రక్కు కదలకుండా నిలబడి ఉన్నప్పటి మాట. ఈ పగులు ఒక్క దెబ్బకి రాలేదు, పొలం గట్ల మీద, గోతుల్లో పడి లేస్తూ సీజనంతా తిన్న దెబ్బలకి వచ్చింది, కాబట్టి యీల్డ్‌కి ఒక మెట్టు కింద ఉందన్నది ఏ మాత్రం ఊరట కాదు. 12 తీసి 16 ఎం.ఎం. ప్లేటు వేస్తే మళ్ళీ 187కే దిగుతుంది. దానికి తోడు డ్రిల్ వేసి కోసిన అంచుని గ్రైండర్‌తో నున్నగా చెయ్యాలి. గ్యాస్ కటింగ్ వదిలిన గీతలు ఒక్కోటీ ఒక్కో చిన్న మూల, అవి ఏ మెష్‌లోనూ లేవు.

ప్లేటు మందానికి మావయ్య ఒప్పుకోడానికి టైం పట్టింది, కేజీ రేటు నాకు రెండుసార్లు అప్పజెప్పాడు. ఆఖరికి ఎల్ ముక్కలు రెండూ మాత్రమే 16, మిగతాది పాతదే అని తేలింది. డ్రిల్లుకి, గ్రైండింగ్‌కి ఎవరూ అడ్డు చెప్పలేదు. కొత్త ట్రక్కులు అలా వెళ్తున్నాయి.

జీమెష్ ఫైలూ కాల్క్యులిక్స్ ఇన్‌పుట్ ఫైలూ కావలసినవాళ్ళు అడగండి, పంపిస్తాను. పదును మూల ఉన్నది, డ్రిల్ వేసినది రెండూ ఉన్నాయి. పదును మూలదే ముందు రన్ చేసి చూడండి, మెష్ సగం చేసినప్పుడల్లా 1.37 వస్తోందో లేదో.